శ్రీశైలం మట్టం తెలుసు, బంగాళాఖాతం వేడి తెలీదు

2020 అక్టోబర్ 13 ఉదయం కాకినాడ దగ్గర తీవ్ర వాయుగుండం తీరం దాటింది. ఆ రాత్రికి హైదరాబాద్ మునిగింది. ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల వాన పడింది. సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉన్న ఊరు మనది. అయినా ఆ రాత్రి సెల్లార్లలో నిలిచిన నీళ్ల వెనక ఉన్నది బంగాళాఖాతమే.

ఆ సముద్రాన్ని రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండే ఆఫీసు కూడా ఈ ఊళ్లోనే ఉంది. ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) 1999లో మొదలైంది. 2004 సునామీ తర్వాత, 2007 నుంచి సునామీ హెచ్చరికల కేంద్రం కూడా అక్కడే. చేపలు ఎటు దొరుకుతాయో, అలలు ఎంత ఎత్తు లేస్తాయో చెప్పేదీ వాళ్లే. నిజాంపేట ట్రాఫిక్‌లో రోజూ ఇరుక్కునేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో!

హెచ్చరికలతో నాకు పేచీ లేదు. సముద్రపు వేడిలో ఏళ్ల తరబడి మెల్లగా జరిగే మార్పు సంగతి జనానికి చేరడం లేదన్నదే నా బాధ.

ఉపగ్రహం చూడగలిగేది నీటి పైపొర వేడినే. బంగాళాఖాతం విషయంలో అది చాలదు. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి తెచ్చిపోసే మంచినీరు తేలిక కాబట్టి ఉప్పునీటి మీద తేలుతుంది. మామూలుగా తుపాను గాలి సముద్రాన్ని కలియబెట్టి అడుగు చల్లనీటిని పైకి లాగుతుంది, దాంతో తుపానే కాస్త నీరసిస్తుంది. ఈ మంచినీటి పొర ఉన్నచోట ఆ కలయిక సరిగా సాగదు. ఆ పొర కింద వేడి దాక్కుని ఉంటుంది.

అది తెలియాలంటే దిగి చూడాల్సిందే. ఆర్గో ఫ్లోట్లు, అంటే సముద్రంలో వదిలే మనుషుల్లేని కొలత పరికరాలు, చేసే పని అదే. వెయ్యి మీటర్ల లోతున కొట్టుకుపోతూ, పది రోజులకోసారి రెండు వేల మీటర్లకు దిగి, పైకొస్తూ వేడినీ ఉప్పునీ కొలిచి, ఆ లెక్క ఉపగ్రహానికి పంపి మళ్లీ మునుగుతాయి. ప్రపంచమంతా కలిపి ఇవి నాలుగు వేల దాకా ఉన్నాయి. హిందూ మహాసముద్రానికి ప్రాంతీయ డేటా కేంద్రం మన ఇన్‌కాయిసే.

1951 నుంచి 2015 మధ్య ఉష్ణమండల హిందూ మహాసముద్రం పైనీరు సుమారు ఒక డిగ్రీ వేడెక్కిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020 నివేదికలో ఉంది. ప్రపంచ సగటు 0.7 డిగ్రీలే. ఒక డిగ్రీయే కదా, ఏసీ రిమోట్‌లో ఒక్క నొక్కు అనిపిస్తుంది. కానీ సముద్రంలో పై మూడు మీటర్ల నీరు పట్టుకునే వేడి, మొత్తం వాతావరణం పట్టుకునే వేడికి దాదాపు సమానం. అదే ఏడాది ఆంఫన్ మే 16న తుపానుగా మారి, 18కల్లా సూపర్ సైక్లోన్ అయి కూర్చుంది. అప్పుడు బంగాళాఖాతం బాగా వేడెక్కి ఉంది. ప్రతి తుపానునూ ఈ ఒక్క కారణానికే కట్టేయడం తప్పే, గాలుల పాత్రా ఉంటుంది. ఆ మాట కూడా జనానికి చెప్పాలిగా!

చెప్పే భాషా కుదరలేదు. సముద్రం రోజుల తరబడి అసాధారణంగా వేడెక్కితే దాన్ని ‘సముద్ర వడగాలి’ అంటే ఎలా? నీళ్లలో గాలెక్కడిది? ‘నీటి సెగ’ అంటే మా అమ్మకూ అర్థమవుతుంది.

శ్రీశైలం 885 అడుగులు, సాగర్ 590 అడుగులు అంటే మన పాఠకుడికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో, క్యూసెక్కులు అతనికి కొట్టినపిండి. ఏటా వానాకాలంలో పత్రికలో అదే చిన్న పట్టిక చూసీ చూసీ అబ్బిన చదువది. ఆ పట్టిక కింద ఇంకొక్క వరుస చాలు: ఈ వారం బంగాళాఖాతం నీటి వేడి ఎంత, మామూలు కంటే ఎంత ఎక్కువ.