ఐ7 అన్న పేరు చూసి కొనకండి, ఏ జనరేషనో అడగండి

తక్కువ ఖర్చులో డెస్క్‌టాప్ కోసం ఆన్‌లైన్‌లో వెతికేవాళ్లకు మొదట కనిపించే ప్రకటన దాదాపు ఒకే తీరుగా ఉంటుంది: ‘కోర్ ఐ7, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, కొత్త క్యాబినెట్’. ఏ జనరేషన్ ఐ7 అన్నది చెప్పరు, చెప్పినా ఎక్కడో అడుగున ఉంటుంది. విప్పి చూస్తే 2011 నాటి రెండో జనరేషన్ ఐ7-2600, దాని కింద అదే కాలపు హెచ్61 చిప్‌సెట్‌తో (బోర్డులోని భాగాలను కలిపి నడిపే చిప్) కొత్తగా తయారైన మదర్‌బోర్డు. కొత్త డబ్బా, కొత్త బోర్డు, వారంటీ కాగితం చూసి కొన్నవాళ్లకు మోసపోయామన్న సంగతి కూడా వెంటనే తెలియదు. బడ్జెట్ పీసీల్లో అన్నిటికన్నా నష్టం తెచ్చే బేరం ఇదే.

ఐ3, ఐ5, ఐ7 అన్నవి ఆ ఏడాది వచ్చిన చిప్‌లలో పెద్దచిన్నల తేడా చెబుతాయి, అంతే. 2017 ఆరంభంలో 303 డాలర్ల జాబితా ధరతో వచ్చిన ఐ7-7700లో నాలుగు కోర్లు (పనిచేసే భాగాలు), ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడపగల పనుల వరుసలు), 3.6 గిగాహెర్ట్జ్ బేస్ (మామూలు వేగం), 4.2 టర్బో (అవసరమైతే అందుకునే వేగం). 2020లో 122 డాలర్లకు వచ్చిన ఐ3-10100లోనూ నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, అదే 3.6 బేస్, టర్బో 4.3. క్యాష్ (చిప్‌లోనే ఉండే చిన్న మెమరీ) కొంత తగ్గింది తప్ప పనిలో రెండూ పక్కపక్కనే నడుస్తాయి. మూడేళ్లలో ఐ7 ఐ3 అయిపోయింది. 2011 ఐ7ని ఆ పేరు చూసి ఇప్పుడు కొనడంలో అర్థం లేదు.

అసలు నష్టం చిప్‌లో కన్నా బోర్డులో ఎక్కువ. హెచ్61లో ర్యామ్ స్లాట్లు రెండే, 16 జీబీ దాటి పోదు. డిస్క్ తగిలించే సాటా పోర్టులు సెకనుకు 3 గిగాబిట్లవే కాబట్టి సెకనుకు 550 ఎంబీ వేగంతో చదవగల ఎస్‌ఎస్‌డీ కూడా 270, 280 దగ్గర ఆగిపోతుంది. యూఎస్‌బీ 3.0 చిప్‌సెట్‌లోనే లేదు, విడిగా ఇంకో చిప్ పెట్టాలి. కొన్ని కొత్త హెచ్61 బోర్డుల మీద ఎన్‌వీఎంఈ స్లాట్ (వేగవంతమైన ఎస్‌ఎస్‌డీలకు) కనిపిస్తుంది గానీ దాని వెనకున్నవి పాతకాలపు నెమ్మదైన పీసీఐఈ 2.0 లేన్లు (డేటా దారులు). ర్యామ్ పాత రకం డీడీఆర్3. రేపు పీసీ మార్చుకుందామంటే ఈ బోర్డూ, ర్యామూ, ప్రాసెసరూ మూడింటిలో ఏదీ తర్వాతి మెషీన్‌లోకి రాదు. పెట్టిన డబ్బు మొత్తం అక్కడే ఉండిపోతుంది. మూడో జనరేషన్ ఐ7-3770 కొంచెం నయమే, 22 నానోమీటర్లు, 77 వాట్లు. కానీ అది కూర్చునేదీ ఇదే సాకెట్‌లో.

నాలుగో జనరేషన్‌తో, అంటే 2013, 2014ల్లో వచ్చిన ఐ5-4590, ఐ7-4790 వంటివాటితో ఒక మెట్టు ఎక్కినట్టే. ఏవీఎక్స్2 సూచనలు (ప్రాసెసర్‌కు అర్థమయ్యే ఒక రకం ఆదేశాలు) ఇక్కడి నుంచే మొదలు. అవి లేని రెండో, మూడో జనరేషన్ చిప్‌లలో ఈమధ్య వస్తున్న కొన్ని గేములు అసలు తెరుచుకోవు. అయితే ర్యామ్ ఇంకా డీడీఆర్3యే. దీని గ్రాఫిక్స్‌కు యూట్యూబ్ వాడే వీపీ9 రకం వీడియోను హార్డ్‌వేర్‌లో విప్పడం రాదు కాబట్టి యూట్యూబ్ భారం ప్రాసెసర్ మీద పడుతుంది. 1080పీ వరకు ఇబ్బంది లేదు, 4కే పెడితే ఫ్యాన్ మోగుతుంది, ఫ్రేములు పడిపోతాయి. టాలీ, టైపింగ్, బ్రౌజింగ్, పిల్లల చదువు వరకైతే డెల్ ఆప్టిప్లెక్స్ 3020, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ 800 జీ1 లాంటి ఆఫీసు మెషీన్‌ను మొత్తంగా కొని, సాటా ఎస్‌ఎస్‌డీ బిగించి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ వేసుకోవచ్చు. ఈ జనరేషన్‌కు విడిగా బోర్డు కొనొద్దు.

లైనక్స్ అనడానికి కారణం ఉంది. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవాళ్లకు ఇచ్చిన పొడిగింపు కూడా 2026 అక్టోబరు 13 దాకే. విండోస్ 11 అధికారిక జాబితా ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్‌తో, ఏఎండీలో రైజెన్ 2000తో మొదలవుతుంది. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా కావాలి. తనిఖీని దాటవేసి పాత మెషీన్లలో వేసి ఇచ్చే షాపులు బోలెడున్నాయి, అది పనిచేస్తుంది కూడా. కానీ అలాంటి మెషీన్‌కు అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. ఇంకా పాత కోర్ 2 డుయో, కోర్ 2 క్వాడ్‌ల మీదైతే విండోస్ 11 24హెచ్2 వెర్షన్ అసలు బూటే కాదు, దానికి కావాల్సిన సూచనలు ఆ చిప్‌లలో లేవు. ఆన్‌లైన్ బ్యాంకింగ్, డిజిటల్ సంతకాలు నడిచే మెషీన్ అయితే ఈ విషయంలో సర్దుకుపోకూడదు.

ఆరు, ఏడు జనరేషన్లు మధ్యలో చిక్కుకున్నాయి. డీడీఆర్4 ఉంది, విండోస్ 11 జాబితాలో చోటు లేదు. ఐ5-6500లో నాలుగు కోర్లు, నాలుగే థ్రెడ్లు. ఎనిమిదో జనరేషన్ మెషీన్ కన్నా బాగా తక్కువకు వస్తే తప్ప వీటి జోలికి వెళ్లనక్కర్లేదు. ఇక్కడే ఇంకో గుంట ఉంది. ఆరు నుంచి తొమ్మిదో జనరేషన్ దాకా సాకెట్ పేరు ఎల్‌జీఏ 1151 ఒక్కటే. ఎనిమిదో జనరేషన్ ఐ5-8400 చిప్ ఆరు, ఏడు జనరేషన్ల హెచ్110 బోర్డులో చక్కగా కూర్చుంటుంది, కానీ స్క్రీన్ వెలగదు. దానికి హెచ్310, బీ360 వంటి 300 సిరీస్ బోర్డే కావాలి. రెండూ వేర్వేరు చోట్ల కొన్నవాళ్లకు ఈ తేడా డబ్బు కట్టాకే తెలుస్తుంది.

ఇప్పుడు డబ్బు పెట్టదగ్గ కనీస గీత ఎనిమిదో జనరేషన్ ఐ5. 8400, 8500ల్లో ఆరు కోర్లు, 65 వాట్లు. ఐ3-8100 కూడా ఏడో జనరేషన్ ఐ5-7500కు దీటుగా నడుస్తుంది. ఆప్టిప్లెక్స్ 3060, 7060, ఎలైట్‌డెస్క్ 800 జీ4, థింక్‌సెంటర్ ఎం720 ఈ కోవకు చెందినవి. కంపెనీలు లీజు ముగిశాక వదిలేసే ఇలాంటి మెషీన్లు సికింద్రాబాద్ సీటీసీ లాంటి మార్కెట్లలో దొరుకుతాయి. వీటి ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా చేసే పెట్టె) మామూలు ఏటీఎక్స్ కనెక్టర్‌తో ఉండకపోవచ్చు, అందుకని పాడైతే బజారులో దొరికేది సరిపోదు. సన్న క్యాబినెట్ అయితే లో ప్రొఫైల్ (పొట్టి) గ్రాఫిక్స్ కార్డు తప్ప పట్టదు, అదీ స్లాట్ ఇచ్చే 75 వాట్లలోనే నడవాలి. జీటీ 1030, లో ప్రొఫైల్ జీటీఎక్స్ 1650 ఆ లెక్కలోకి వస్తాయి. మోడల్ చివర టీ ఉంటే అది 35 వాట్ల చిప్. ఐ5-8500టీ బేస్ 2.1 గిగాహెర్ట్జే, ధర కూడా ఆ మేరకు తగ్గాలి.

కరెంటు బిల్లు చూపించి కొత్త చిప్ కొనమనేవాళ్ల వాదన బలహీనం. 95 వాట్ల చిప్‌కు, 65 వాట్ల చిప్‌కు మధ్య 30 వాట్లను రోజుకు ఆరు గంటల పూర్తి లోడుతో లెక్కేసినా ఏడాదికి 66 యూనిట్లు దాటదు. మామూలు వాడకంలో అంత కూడా ఉండదు.

గేమింగ్ కోసమో, తర్వాత పెంచుకుంటూ పోవడానికో అయితే ఏఎండీ రైజెన్ చిప్‌లు కూర్చునే ఏఎం4 సాకెట్ మేలు. రైజెన్ 5 2600, 3600, 5600 మూడింటిలోనూ ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 65 వాట్లే. ఎల్3 క్యాష్ మొదటిదానిలో 16 ఎంబీ, తర్వాతి రెండింటిలో 32. ఈరోజు బీ450 బోర్డు మీద 2600 పెట్టి, రెండేళ్ల తర్వాత 5600కు మారవచ్చు. అయితే పాత చిప్ బోర్డులో ఉండగానే బయాస్ (బోర్డును మొదట నడిపించే ప్రోగ్రామ్) అప్‌డేట్ చేయాలి, అదీ యూపీఎస్ మీద. మధ్యలో కరెంటు పోతే బోర్డు మూగబోతుంది. చిప్ మార్చేటప్పుడు దాని మీది హీట్‌సింక్‌ను (వేడి లాగే లోహపు దిమ్మ) నిటారుగా లాగితే మధ్యలో ఎండిన పేస్ట్‌కు అంటుకుని ప్రాసెసర్ కూడా ఊడివస్తుంది, పిన్నులు వంగుతాయి. పదినిమిషాలు మెషీన్ నడిపి వేడెక్కించి, ఆపి, ప్లగ్ తీసేసి, హీట్‌సింక్‌ను అటూఇటూ మెల్లగా తిప్పుతూ తీయాలి. పైన చెప్పిన మూడింటికీ సొంత గ్రాఫిక్స్ లేదు. గ్రాఫిక్స్ కార్డు కొనలేకపోతే సొంత గ్రాఫిక్స్ ఉన్న రైజెన్ 5 5600జీ తీసుకుని ర్యామ్ రెండు స్టిక్కులుగా వేయాలి. 16 జీబీ ఒక్కటే స్టిక్ పెడితే దాని గ్రాఫిక్స్ సగం బలంతో నడిచినట్టే. ఇంటెల్‌లోనూ చివర ఎఫ్ ఉన్న చిప్‌కు కార్డు తప్పనిసరి.

ఏఎండీ ఎఫ్‌ఎక్స్-8350ని ఎనిమిది కోర్లంటూ ఇప్పటికీ అమ్ముతున్నారు. 125 వాట్లు తాగుతుంది, ఒక్కో కోర్ బలం తక్కువ, వద్దు. చైనా ఎక్స్99 బోర్డుతో వచ్చే ఇంటెల్ సర్వర్ చిప్ జియాన్ ఈ5-2680 వీ4లో 14 కోర్లున్నాయి, రెండరింగ్‌కూ వర్చువల్ మెషీన్లకూ పనికొస్తుంది, ఇంటికి కాదు.

డబ్బు చేతికిచ్చే ముందు అరగంట అడగండి. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ పూర్తి నంబరు చూడండి. వేడిని, వేగాన్ని చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి, ప్రాసెసర్‌ను పూర్తిగా పనిచేయించే ప్రైమ్95తో పావుగంట లోడు పెట్టండి. వేడి 90 డిగ్రీలు దాటి క్లాక్ (చిప్ వేగం) పడిపోతుంటే పేస్ట్ ఎండిపోయిందనో, ఫ్యాన్ తిరగడం లేదనో అర్థం. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం, నడిచిన గంటలు కనిపిస్తాయి. బోర్డు విడిగా కొంటుంటే మూత తీయించి సాకెట్ పిన్నులను వెలుతురులో చూడండి, ఒక్కటి వంగినా ఒక ర్యామ్ స్లాట్ పనిచేయకుండా పోవచ్చు. ఆఫీసు మెషీన్ అయితే బయాస్‌లోకి వెళ్లి ఏదైనా మార్చి సేవ్ చేయించండి. పాత కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ అలాగే ఉంటే చాలా మోడళ్లలో బోర్డు మీది సీఆర్2032 సెల్ తీసి పెట్టినా అది పోదు.