గోరీల దొడ్డి కూడా ఊరి రికార్డే

పాలకొల్లులో, కాకినాడ జగన్నాథపురంలో ఉన్న పాత డచ్చివారి సమాధుల మాట ఎత్తితే చాలామంది అనేది ఒకటే, ఎవరో తెల్లవాళ్ల గోరీలు, మనకెందుకండీ అని. ఈ మాట నాకు అస్సలు మింగుడు పడదు. ఆ డచ్చివాళ్లు 17వ శతాబ్దంలో గోదావరి పాయల వెంట వచ్చి కూర్చున్నది మన చేనేత గుడ్డ కోసం. ఇక్కడి సాలెలు బయానా తీసుకుని నేసిన బట్ట ఓడలెక్కి జావా వైపు పోయేది, అక్కడ దాన్ని మసాలా దినుసులకు మార్చుకునేవారు. 1825లో ఈ ఊళ్లను ఇంగ్లీషువాళ్లకు అప్పజెప్పి వాళ్లు వెళ్లిపోయారు. ఆ వ్యాపారం కాగితాలు హేగ్‌లోనో, లండన్‌లోనో, చెన్నైలోనో ఉన్నాయి. మన ఊళ్లో, మన నేల మీద మిగిలినవి ఈ రాళ్లు.

ఒక సమాధి రాయి ముందు కాసేపు నిలబడితే ఎంత సమాచారం దొరుకుతుందో చూడండి. పేరు, పుట్టిన ఊరు, చేసిన ఉద్యోగం, వయసు, పోయిన తేదీ. మిట్టమధ్యాహ్నం ఎండలో అక్షరం ముక్క కనబడదు, పొద్దున్నే ఏటవాలు వెలుతురు పడ్డప్పుడు, లేదంటే పక్కనుంచి టార్చి వేసినప్పుడు అరిగిపోయిన అంకె కూడా పైకి తేలుతుంది. పక్కపక్కనే ఒకే ఏడాది తేదీలు కనిపిస్తే ఆ ఏడు ఊళ్లో గత్తరో, విషజ్వరమో, తుఫానో వచ్చిందేమో వెతకాలి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టింది 1847-52 మధ్య. అంతకు ముందు డెల్టాలో బతుకు ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే ఇలాంటి ప్రతి ఆధారమూ కావాలి.

అయితే రాయి దక్కింది ఎవరికి? 1789 డిసెంబరులో ఉప్పెన కాకినాడ దగ్గరి కోరంగిని ముంచేసింది, ఇరవై వేలమంది దాకా పోయారని చెబుతారు. ఓడలు కట్టిన ఊరు అది. అంతమందిలో పేరు చెక్కిన రాయి ఎంతమందికి ఉంటుంది? 1996 నవంబరు తుఫానులో కోనసీమ, కాకినాడ తీరంలో వెయ్యిమందికి పైగా పోయారు, వేటకెళ్లిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు, చాలామందికి శవమే దొరకలేదు, ఇక గోరీ ఎక్కడిది. ఇప్పటికీ మన పల్లెల్లో దళితవాడ శ్మశానానికి సరైన దారి లేక పాడెను వరిచేల గట్ల మీద మోసుకెళ్లే చోట్లున్నాయి. కాబట్టి తెల్లవాళ్ల సమాధుల్ని కాపాడితే పని అయిపోయిందని నేననడం లేదు. కబరస్తాన్‌లు, చర్చిల వెనకున్న సమాధుల తోటలు, జంగాల, బైరాగుల సమాధులు, రెవెన్యూ రికార్డుల్లో శ్మశాన పోరంబోకు అని రాసి ఉన్న ప్రతి చెక్కా ఈ లెక్కలోకి రావాలి. కబ్జాకు ముందు బలయ్యేవి కూడా అవే, అడిగే వారసులు ఊళ్లో ఉండరు కదా.

కలకత్తాలో 1767లో మొదలైన సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానాన్ని బాగుచేసి జనానికి చూపిస్తున్నారు. మన దగ్గర బాగుచేయడమంటే గేటుకు రంగు, సమాధికి సున్నం. ఆ సున్నమే అక్షరాల్ని పూడ్చేస్తుంది. పాత గానుగ సున్నం కట్టడం మీద సిమెంటు మెత్తితే లోపలి తేమ బయటికి పోదు, ఉప్పు గాలి ఊళ్లలో అయితే ఇటుక పొడిపొడిగా రాలిపోతుంది. అంతకన్నా ఏమీ చేయకపోవడమే మేలు.

మున్సిపాలిటీ కోట్లు ఖర్చుపెట్టక్కర్లేదు. సర్వే చేసి హద్దురాళ్లు పాతించాలి, ఆ హద్దులు వార్డు ఆఫీసులో అందరికీ కనబడేలా పెట్టాలి. డిగ్రీ కాలేజీల చరిత్ర విద్యార్థుల చేత ప్రతి రాయినీ ఫొటో తీయించి, ఉన్నది ఉన్నట్టు రాయించి, తెలుగులో అర్థం చెప్పించాలి. ఒక సెమిస్టరు ప్రాజెక్టుకు సరిపడా పని అది. కోరంగిలో మాత్రం ఉప్పెనకు పోయినవాళ్లలో చాలామందికి రాయే ఉండదు కాబట్టి, 1789లో ఏం జరిగిందో తెలుగులో రాసిన పలక ఒకటి పంచాయతీయే నిలబెట్టాలి, దానికి ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడనక్కర్లేదు.