సవరణ: మందమైన గుండె, ఆయాసం గురించి

హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతిలో, అంటే గుండె కండరం మందమయ్యే జబ్బులో, గుండె సరిగ్గా పంప్ చేయలేకపోవడం వల్లే ఆయాసం వస్తుందని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు, సరిచూసుకోకుండా రాసేశాను. కార్డియాలజీ పాఠ్యపుస్తకాల ప్రకారం చాలామందిలో పంపింగ్ బాగానే ఉంటుంది, ఎకో రిపోర్టులో ఈఎఫ్ (ఒక్కో స్పందనకి ఎడమ జఠరికలోని రక్తంలో ఎంత శాతం బయటికి వెళ్తుందో చెప్పే కొలత) 65, 70 శాతం ఉన్నవాళ్లకీ ఆయాసం రావచ్చు. చిక్కంతా కండరం వదులవడంలో ఉంది. బిరుసెక్కిన ఎడమ జఠరిక రెండు స్పందనల మధ్య పూర్తిగా సడలదు, అందులో రక్తం నిండాలంటే ఒత్తిడి పెరగాలి, ఆ ఒత్తిడి వెనక్కి ఎడమ కర్ణికకీ, అక్కణ్నుంచి ఊపిరితిత్తులకీ పాకుతుంది. మెట్లెక్కితే గుండె వేగం పెరిగి, నిండే సమయం ఇంకా తగ్గిపోతుంది.

ఇంకొకటి, ఆ పోస్టు చదివాక, యాంజియోగ్రామ్‌లో బ్లాకులు లేకపోతే ఈ జబ్బులో వచ్చే ఛాతీనొప్పి గుండెది కాదన్నట్టు కొందరికి అర్థమైంది. అలా కాదు. కండరం లోపలి సన్నని నాళాల్లో రక్తం చాలకపోయినా నొప్పి వస్తుంది, అవి యాంజియోగ్రామ్‌లో కనిపించవు.