ఊరేగింపులో మన జంతువులేవి?

ఏటా అక్టోబర్ 2 నుంచి 8 దాకా వన్యప్రాణి వారోత్సవాలు. నెల్లూరైనా, ఒంగోలైనా ఆ వారంలో స్కూలు పిల్లల ర్యాలీ తప్పదు. ముందు రోజు సాయంత్రం పేరెంట్స్ టెన్షన్ పడుతూ ఫ్యాన్సీ షాపులకు పరిగెడతారు. అక్కడ దొరికేవి సింహం, జీబ్రా, పాండా మాస్కులే. మన రెండు జిల్లాల అడవుల్లో ఎక్కడా లేని ఆ ముఖాలు తగిలించుకుని, వన్యప్రాణుల్ని కాపాడుదామని పిల్లలు నినాదాలిస్తారు. ఎవర్ని కాపాడాలో మాత్రం వాళ్లకు తెలియదు.

మాస్కు పిల్లలే చేయాలి. అదీ మన చుట్టూ బతికే ప్రాణిదే చేయాలి. క్రాఫ్ట్ పీరియడ్ కోసం ఈ మాట అనడం లేదు. నినాదం రాయడానికి జంతువును చూడక్కర్లేదు, ముఖం చేయాలంటే మాత్రం పట్టిపట్టి చూడాలి.

అలుగునే (వీపంతా పొలుసులుండే పాంగోలిన్) తీసుకోండి. పాత పేపర్లు, మైదా జిగురుతో గుల్ల చేసి, ఆరాక అట్టముక్కల్ని పొలుసుల్లా కత్తిరించి అంటించాలి. (బైండింగ్ వాళ్లలా జిగురులో మైలుతుత్తం కలపొద్దు. అది విషం, పిల్లల ముఖానికి తగులుతుంది. ఎండలో బాగా ఆరబెడితే చాలు.) ముక్కు దగ్గర మొదలుపెడితే పొలుసుల వరసలు తిరగబడతాయి. చూరు నుంచి పైకి పెంకులు కప్పుకొచ్చినట్టు, వెనక నుంచి ముందుకు రావాలి. రెండు వరసలు పీకి మళ్లీ అంటించిన పిల్లాడికి పొలుసు మొన తోక వైపుకే ఉంటుందని ఇంకెవరూ చెప్పక్కర్లేదు. నోట్లో పళ్లు పెట్టబోతే ఆపాలి. అలుగుకు పళ్లుండవు, చీమల్నీ చెదల్నీ పొడవాటి నాలుకతో లాక్కుంటుంది. గడ్డం కిందా పొట్ట మీదా పొలుసులుండవు. అందుకే భయమేస్తే ఉండలా చుట్టుకుంటుంది. పెద్ద జంతువులు కూడా విప్పలేని ఆ ఉండను మనిషి సులువుగా ఎత్తి సంచిలో వేసుకుపోతాడు. పొలుసుల కోసం అలుగుల్ని పట్టి అమ్ముతున్నారని వింటే ఆ పిల్లాడికి కడుపు మండుతుంది.

దేవాంగపిల్లి (స్లెండర్ లోరిస్ అనే చిన్న ప్రాణి) మాస్కుకు కావలసినవి రెండు పెద్ద గుండ్రటి కళ్లు. రాత్రి తిరిగే ప్రాణికి అవే ఆధారం. ఆ కళ్ల చుట్టూ అల్లుకున్న మూఢనమ్మకాలే దాని ప్రాణం మీదికి తెస్తున్నాయి. ఆ మాట పిల్లల ముందు దాచకూడదు.

వీటిని మేమే చూడలేదు, పిల్లలకేం చెబుతామని టీచర్లు అడగొచ్చు. తెలిసినవాళ్లు చాలాసార్లు అదే క్లాసులో వెనక బెంచీ మీద ఉంటారు. నెల్లూరు పల్లెల్లో యానాది పిల్లలకు పాముల గురించీ పొలం గట్ల మీది బొరియల గురించీ తెలిసినంత మనలో ఎంతమందికి తెలుసు? దోర్నాల వైపు చెంచు పిల్లలకు నల్లమల ఇంటి పెరడే. కలివికోడి (జెర్డాన్స్ కోర్సర్ అనే అరుదైన పక్షి) సంగతి గుర్తు చేసుకోండి. 1848లో శాస్త్రవేత్తలు దాన్ని నమోదు చేశారు. 1900 తర్వాత కనిపించకపోవడంతో అంతరించిందనుకున్నారు. 1986లో అది కడప జిల్లాలో మళ్లీ దొరికింది, పట్టిచ్చింది ఒక పల్లెటూరి మనిషి. మనకు ఆనుకునే ఉన్న జిల్లా అది. మాస్కు తయారీలో ఈ పిల్లలకు గురువు స్థానం ఇస్తే, మార్కుల్లో వెనకబడ్డారని రోజూ వినేవాళ్ల మాట ఆ ఒక్క వారమైనా క్లాసంతా వింటుంది.

ప్రైజుల పద్ధతి కూడా మారాలి. ఇప్పుడు రంగులు మెరిసిన మాస్కుకే ఫస్ట్ ప్రైజు, అది ఎక్కువగా అమ్మ చేసిందో, ఆన్‌లైన్‌లో తెప్పించిందో అయి ఉంటుంది. జడ్జీలు ప్రతి పిల్లనూ రెండే అడగాలి: ఇది ఏం తింటుంది, ఎక్కడ పడుకుంటుంది? వంకర ముక్కున్న మాస్కు చేసిన పిల్ల ఆ రెండూ చెబితే ప్రైజు ఆమెదే.

మనకు పులివేషం కొత్త కాదు. దసరాకో, పీర్ల పండక్కో పసుపు రంగు పూసుకుని డప్పుకు అడుగేసే మనిషి పులి మెడ ఎలా తిప్పుతుందో, పంజా ఎలా విసురుతుందో చేసి చూపిస్తాడు. ఆ కళాకారుల్ని స్కూలుకు పిలిచి పిల్లలకు ఆ నడక నేర్పించాలి. ఫ్లెక్సీలకు పెట్టే డబ్బు వాళ్ల చేతిలో పెట్టొచ్చు.

ఇక రూటు. కలెక్టరేట్ ముందు ఫొటోతో ముగిసే ర్యాలీ వల్ల ఏ జంతువుకూ ఒరిగేదేమీ లేదు. మన తీరంలో సముద్రపు తాబేళ్లు జనవరి నుంచి మార్చి దాకా గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. ట్రాలర్ల వలల్లో చిక్కి, ఊపిరాడక చచ్చి కొట్టుకొచ్చేవీ అప్పుడే ఎక్కువ. కాబట్టి తీరం స్కూళ్లు అక్టోబర్‌తో సరిపెట్టకుండా డిసెంబర్‌లో మరోసారి తాబేలు మాస్కులతో బయల్దేరి మత్స్యకారుల పాలేల్లోకి వెళ్లాలి, వలలు బాగుచేసుకుంటున్న వాళ్ల దగ్గర కూర్చోవాలి. వాళ్లలో చాలామంది ఆ పిల్లల నాన్నలూ మేనమామలే.