మెత్తటి రబ్బరు త్వరగానే అరుగుతుంది బావా

ఇవాళ పొద్దున కారు కింద దూరి వెనక టైరు లోపలి అంచు తడిమితే వేలికి సన్నటి తీగ గుచ్చుకుంది. రక్తం రాలేదు గానీ ప్రాణం చివుక్కుమంది. బయటి నుంచి చూస్తే టైరు నిక్షేపంలా ఉంది. గాడులు లోతుగానే ఉన్నాయి, ఇంకో ఏడాది ఢోకా లేదనుకునేలా ఉంది. లోపలి వైపు మాత్రం రెండు వేళ్ళ వెడల్పున నున్నగా గుండు, ఆ గుండు మధ్యలో ఇనప తీగలు మెరుస్తున్నాయి. మీటర్ మీద 21,600 కిలోమీటర్లు.

ఆ బాధలో ఫోటో తీసి మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అదీ నేను చేసిన తప్పు. రెండు నిమిషాలు కాకముందే మా బావ దిగాడు. "21 వేలకేనా? నా టైర్లు 70 వేలు దాటాయి బామ్మర్దీ, ఇంకా ఉన్నాయి. నువ్వు కారు నడుపుతున్నావా, రేసులు ఆడుతున్నావా?" అని, చివర మూడు నవ్వు బొమ్మలు. దాని కింద మా బాబాయి బొటనవేలు. మా బాబాయికి కారు లేదు. ఉన్నది స్కూటరు, అదీ మూడేళ్ళుగా కవర్ కప్పుకుని ఉంది. అయినా బొటనవేలు పెట్టాడు.

గ్రూపులో గొడవెందుకని అక్కడ నోరు మూసుకున్నాను. ఇక్కడ మాత్రం మూసుకోను.

అసలు బావ కారు టైరుకీ నా కారు టైరుకీ పోలికేంటండీ? ఆయనది 195/65 ఆర్ 15. అంటే టైరు వెడల్పు 195 మిల్లీమీటర్లు, అందులో 65 శాతం పక్క గోడ ఎత్తు, అంటే దగ్గర దగ్గర 127 మిల్లీమీటర్లు, చివరి 15 రిమ్ము అంగుళాలు. నావి ముందు 225/40 ఆర్ 18, వెనక 255/35 ఆర్ 18. ముందైనా వెనకైనా గోడ ఎత్తు 90కి అటూ ఇటూ, నా అరచేతి వెడల్పంత. ఆయన టైరు దిండు, నాది చాప. రెండిటి మీదా పడుకుని ఎవరి నడుము ముందు నొప్పెడుతుందో చూద్దామంటే నేనేం చెప్పను!

గోడ ఎత్తు సంగతి అలా ఉంచండి, అసలు తేడా రబ్బరులో ఉంది. బళ్ళో చదివేటప్పుడు పెన్సిల్ రాతలు చెరిపే రబ్బరు రెండు రకాలు ఉండేవి గుర్తుందా? ఒకటి గట్టిది, ఏడాదంతా వచ్చేది, కాగితం చిరిగేది గానీ రాత పోయేది కాదు. ఇంకోటి మెత్తటిది, ఒక్క రుద్దుకి గీత మాయం, కాకపోతే నెల తిరిగేసరికి గోరంత మిగిలేది. నా టైరు ఆ రెండోది. రోడ్డుని పట్టుకోవాలంటే రబ్బరు మెత్తగా ఉండాలి, మెత్తగా ఉంటే అరుగుతుంది. ఇందులో రహస్యం ఏముంది? ఈ రకం టైర్లు మామూలుగా 20 నుంచి 40 వేల కిలోమీటర్లు వస్తాయి, ట్రాక్ మీద తిప్పడానికి చేసినవైతే 15 వేలకే చేతులెత్తేయవచ్చు. కొత్త టైరుకి గాడి లోతు 8 మిల్లీమీటర్లే ఉంటుంది, ఈ రకానికి ఇంకొంచెం తక్కువే. 1.6 దగ్గర గాడిలో ఉన్న చిన్న దిమ్మ పైకి తేలితే దాని పని అయిపోయినట్టే. అంటే మనం నిజంగా వాడుకునేది ఆరు మిల్లీమీటర్ల చిల్లర. ఆ ఆరు మిల్లీమీటర్ల రబ్బరూ ఎక్కడికి పోయిందని నన్నడిగితే ఏం చెప్పాలి, నేను జేబులో వేసుకుని పోయానా?

ఎక్కడికి పోయిందో ఒక్కటి మాత్రం చెప్పగలను. మొన్నటి వానలో నా ముందు వెళ్తున్న లారీ ఉన్నట్టుండి ఆగిపోతే, నేను బ్రేకు మీద నిలబడ్డాను. కారు ఇటూ అటూ కదలకుండా, ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగినట్టు ఆగింది. లారీకీ నాకూ మధ్య ఇంకా ఒక మనిషి నడిచి వెళ్ళేంత జాగా ఉంది. బావ 70 వేల టైర్లతో అక్కడ ఉండి ఉంటే ఏమయ్యేదో నేను అనను, అక్క చదువుతుంది.

టైరు పక్కన ట్రెడ్‌వేర్ అని ఒక అంకె ఉంటుంది, చూశారా? అది అమెరికా ప్రభుత్వం పెట్టిన పద్ధతి. 100 అనే ఒక ప్రామాణిక టైరుతో పోల్చి, పరీక్షలో దానికంటే రెండింతలు మన్నితే 200, మూడింతలైతే 300. నా వెనక టైరు మీద 240 ఉంది. బావ టైరు మీద 480 ఉంది, నేనే వెళ్ళి వంగి చూసొచ్చాను. ఆ పరీక్షలో టైరుని దాదాపు 11,500 కిలోమీటర్లు తిప్పి, మిగతాది లెక్క కట్టేస్తారు. పైగా ఆ అంకె వేసుకునేది టైరు చేసిన కంపెనీయే. తన పేపరు తానే దిద్దుకుని మార్కులు వేసుకున్నట్టు. అందుకే ఒక కంపెనీ 300నీ ఇంకో కంపెనీ 300నీ పక్కపక్కన పెట్టి చూడటం దండగ. కానీ 240 ఎక్కడ, 480 ఎక్కడ! ఆ సగం అంకె చూశాక కూడా నన్ను రేసులు ఆడుతున్నావా అంటారా?

"మరి టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పించలేదా?" ఇది ఆయన రెండో మెసేజ్. అయ్యా, ముందు 225, వెనక 255. ఎలా మార్చను? మా ఇంట్లో వాళ్ళ చెప్పులు నేను వేసుకుని బయటికి వెళ్ళినట్టుంటుంది. కుడిది ఎడమకి వేద్దామా అంటే వాటి మీద తిరిగే దిక్కు చూపిస్తూ బాణం గుర్తు ఉంది, రిమ్ములోంచి ఊడదీసి మళ్ళీ ఎక్కిస్తే తప్ప కుదరదు. పైగా ఇంజను తోసేది వెనక చక్రాలనే, కాబట్టి అరిగేవీ అవే. ముందు టైర్లు హాయిగా షికారు వచ్చినట్టు వచ్చి కూర్చుంటాయి.

లోపలి అంచు మాత్రమే ఎందుకు పోయిందనేది అసలు కడుపు మంట. ఇలాంటి కార్లలో చక్రాన్ని నిటారుగా పెట్టరు, పై భాగం కాస్త లోపలికి వాలి ఉంటుంది. మలుపులో బాగా పట్టుకోవాలని కావాలనే అలా చేస్తారు, దాన్నే నెగటివ్ క్యాంబర్ అంటారు. అందుకే బరువు లోపలి అంచు మీద ఎక్కువగా పడుతుంది. అదొక్కటే అయితే మెల్లగా అరిగేది. దానికి తోడు రెండు వెనక చక్రాలూ ఒకదానికొకటి సమాంతరంగా కాకుండా కాస్త పక్కకి తిరిగి ఉంటే, ప్రతి కిలోమీటరూ టైరు దొర్లుతూనే కొంచెం కొంచెం పక్కకి ఈడ్చుకుపోతుంది. ఆకురాయి పెట్టి రాసినట్టే. చేత్తో తడిమితే తెలిసిపోతుంది. ఒక వైపుకి రాస్తే నున్నగా జారుతుంది, వెనక్కి రాస్తే రంపం పళ్ళలా పట్టుకుంటుంది. నేను పొద్దున ఆ పళ్ళే తడుముతూ పోయి తీగ దగ్గర ఆగాను.

మరి అలైన్‌మెంట్, అదే చక్రాల కోణాలు సరిచేయడం, చేయించలేదా? చేయించాను మహాప్రభో, ఆరు నెలల కిందటే చేయించాను. స్క్రీన్ మీద పచ్చగా చూపించి "అంతా ఓకే సార్" అన్నాడు ఆ కుర్రాడు. ముందు చక్రాలు మాత్రమే పచ్చగా ఉన్నాయని, వెనక వాటిని అసలు ముట్టుకోలేదని ఇవాళ ఆ కాగితం తీసి చూస్తే తెలిసింది. పైగా "టైర్లలో నైట్రోజన్ కొట్టమంటారా సార్" అని అడిగాడు. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది నాయనా. మిగతా 22 కోసం నన్ను బండి దిగమంటావా? వెనక చక్రాల కోణం చూడటానికి తీరిక లేదు గానీ, గాలి అమ్మడానికి మాత్రం ఎక్కడ లేని ఓపిక.

గాలి అంటే గుర్తొచ్చింది. ఈ చాప టైర్లతో ఇంకో దరిద్రం, గాలి దిగితే కంటికి కనిపించదు. బావ టైరులో గాలి తగ్గితే కింద పొట్ట జారుతుంది, దారిన పోయేవాడు కూడా చెప్తాడు. నాది 34 ఉన్నా 26 ఉన్నా ఒకేలా నిలబడుతుంది. మీటరు పెట్టి చూడాల్సిందే, అదీ బండి కదలక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు. నేను పదిహేను రోజులకోసారి చూస్తాను. ఈ మాట గ్రూపులో అంటే మా అక్క "నీకు వేరే పని లేదా" అంటుంది.

సరే, ఇంతవరకూ వచ్చాక దాచుకోవడం ఎందుకు. ఈ టైర్ల గురించి మాట్లాడే హక్కు ప్రపంచంలో ఎవరికైనా ఉందేమో గానీ మా బావకి మాత్రం లేదు.

కారు కొత్తగా ఉన్నప్పుడు, ఆరు వేలు కూడా తిరగలేదు, "రెండు రోజులు ఇవ్వు బామ్మర్దీ, ఒక పని ఉంది" అని తీసుకెళ్ళాడు. ఇచ్చేటప్పుడు చిలక్కి చెప్పినట్టు చెప్పాను. గోతులు చూసుకో బావా, పక్క గోడ చిన్నది, దడేల్‌మని దిగితే రిమ్ముకీ రోడ్డుకీ మధ్య రబ్బరు నలిగిపోతుంది, లోపలి దారాలు తెగిపోతాయి అని. "నాకు చెప్తావా, ఇరవై ఏళ్ళుగా నడుపుతున్నా" అన్నాడు. రెండు రోజుల తర్వాత కారు తెచ్చి ఇచ్చాడు. కడిగించి మరీ ఇచ్చాడు! తన కారుని ఆయన కడిగించగా నేను ఈ జన్మలో చూడలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

నాలుగో రోజు చూస్తే ముందు ఎడమ టైరు గోడ మీద కోడిగుడ్డంత బుడిపె. వేగం 90 దాటితే చేతుల్లో స్టీరింగ్ వణుకు, ఎందుకంటే రిమ్ము అంచు కూడా వంగింది. బుడిపె వచ్చిన టైరుకి మందు లేదు. ప్యాచ్ వేయరు, వేసినా వేయించుకోకూడదు, అది ఎప్పుడు పేలుతుందో దానికే తెలియదు. అడిగితే ఏమన్నాడో తెలుసా? "టైరులోనే లోపం ఉందేమో, కంపెనీ వాళ్ళని అడుగు." అడిగాను. దెబ్బ తగిలి పోయినదానికి వారంటీ ఉండదని మర్యాదగా చెప్పి పంపించారు. ఒక పక్క కొత్తది, ఇంకో పక్క అరిగినది ఎందుకని ముందు రెండూ మార్చాను. ఆరు వేలకే రెండు టైర్లు! అప్పుడు మాత్రం ఎవరూ ఎన్ని కిలోమీటర్లు వచ్చాయని అడగలేదు. అక్క "పోనీలేరా, టైరే కదా" అంది. పోనిచ్చాను.

పోనిచ్చినదాన్ని ఇవాళ మూడు నవ్వు బొమ్మలతో మళ్ళీ తెచ్చింది ఎవరు?

ఇది రాస్తుండగానే అక్క ఫోన్ చేసింది. "ఆ టైరు ఫోటో తీసెయ్యి, మీ బావ చిన్నబుచ్చుకున్నాడు" అంటుంది. చిన్నబుచ్చుకున్నది ఆయనా! నేను తియ్యను. ఆ బుడిపె ఫోటో నా ఫోన్లో ఇంకా ఉంది, తేదీతో సహా. ముందుకి వెనక్కి నాలుగు సార్లు జరిపి చూశాను, ఎవరో గీసినట్టు టైరు గోడ మీద గుండ్రంగా ఉబ్బి ఉంది, వెనకాల కడిగించిన కారు మెరుస్తూ కనిపిస్తోంది.

పెట్టేశాను. కింద ఒక్క మాట కూడా రాయలేదు. బావ చూశాడు, నీలం టిక్కులు పడ్డాయి, ఐదు నిమిషాలైంది, ఇంకా ఏమీ అనలేదు.

బాబాయి మాత్రం బొటనవేలు పెట్టాడు.