నూడుల్స్ బండి దగ్గర నేపాల్ పంచాయితీ

కడప ఏడురోడ్ల దగ్గర నూడుల్స్ బండి. బండి అల్లుడిది. రెవెన్యూలో పనిచేసి రిటైరైన మేనమామ రోజూ సాయంత్రం వచ్చి కూర్చుంటాడు, డబ్బులిచ్చిన రోజు మాత్రం గుర్తులేదు. పెనం దగ్గరున్న నేపాల్ మనిషి కడపకొచ్చి 14 ఏళ్లు. అతనికి ఇల్లు ఇస్తానన్న ఓనరు, "పరాయి దేశం వాడివి, నాకెందుకీ టెన్షన్" అని ఆ పొద్దే అడ్వాన్సు వెనక్కిచ్చేశాడు. మాట అక్కడ మొదలైంది.

అల్లుడు: ఇట్లాంటి వాళ్లకు శాశ్వత నివాసం కార్డు ఒకటిస్తే ఏం పోతుంది మామా?

మామ: ఏం కార్డు అబ్బీ? వానికి వీసానే అక్కర్లేదు. 1950 జులై 31న రెండు దేశాలూ రాసుకున్న ఒప్పందంలో ఏడో అధికరణం చూడు. ఉండొచ్చు, ఆస్తి కొనొచ్చు, వ్యాపారం చేసుకోవచ్చు, తిరగొచ్చు. ఇంతకన్నా శాశ్వతం ఏముంది?

అల్లుడు: పదో అధికరణం కూడా చూడు మరి. ఎవరైనా ఏడాది ముందు నోటీసిస్తే ఒప్పందం రద్దు.

మామ: 70 ఏళ్లు దాటింది, ఎవరిచ్చారు నోటీసు? అంత భయముంటే పౌరసత్వానికి అర్జీ పెట్టుకోమను. 1955 చట్టంలో దారుంది. చివరి 12 నెలలు వరుసగా, దానికి ముందు 14 ఏళ్లలో మొత్తం 11 ఏళ్లు ఇక్కడుండాలి. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని భాష ఒకటి రావాలి. 1992 నుంచి నేపాలీ కూడా అందులోనే ఉంది, తెలుగు రాకున్నా నడుస్తుంది.

అల్లుడు: అది తీసుకుంటే అక్కడి పౌరసత్వం పోతుంది. ముసలి తల్లి అక్కడ, మడిచెక్క అక్కడ. మా నాయన 22 ఏళ్లు కువైట్‌లో డ్రైవరు పని చేసినాడు, నీకు తెలుసు. కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, ఊ అంటేనే అకామా, అదే అక్కడ ఉండే పర్మిట్టు. అకామా లేకుంటే ఇంటిదారి. నన్ను ఆ దేశపోణ్ణి చేయండని ఆయన ఎప్పుడన్నా అడిగినాడా? వచ్చే ఏడాది కూడా ఉండనిస్తారన్న ధీమా ఉంటే చాలనుకున్నాడు.

(మామ కాసేపు ప్లేటు వైపే చూశాడు. ఆయన కొడుకూ కువైట్‌లోనే ఉన్నాడు.)

మామ: సరే, నేపాల్ మనకేమిచ్చింది? మనవాడు అక్కడ సెంటు భూమి కొనలేడు.

అల్లుడు: పోటీకి తట్టుకోలేరు కాబట్టి అక్కడి జనానికి కొంతకాలం రక్షణ కావాల్సి రావచ్చని, ఒప్పందంతో పాటు రాసిన ఉత్తరంలో మనమే ఒప్పుకున్నాం.

మామ: కొంతకాలం అంటే ఎంతకాలం రా? అది వదిలేయ్. నా బాధ వేరే. నేను 30 ఏళ్లు కార్డుల కాగితాలే చూసినా. తెల్ల కార్డు వచ్చినాక, కార్డు లేని బీదోడు మా లెక్కలో బీదోడే కాకుండా పోయినాడు. ఈరోజు సునౌలీ దగ్గర సరిహద్దు దాటి నడిచొచ్చేవాణ్ణి వీసా ఏదని ఎవరూ అడగరు. నువ్వు కార్డు పెట్టినావా, మర్నాటి నుంచి వాడు కార్డు లేనివాడు. పోలీసు మొదట అడిగేది అదే. తీసున్న తలుపుకు నువ్వే గొళ్లెం తెస్తున్నావు.

అల్లుడు: డబ్బున్నోళ్లకు పెట్టినారు కదా మరి? 2016లో విదేశీ మదుపరులకు శాశ్వత నివాస హోదా అన్నారు. 18 నెలల్లో 10 కోట్లు, లేదంటే 36 నెలల్లో 25 కోట్లు తేవాలి, ఏటా 20 మందికన్నా పని చూపించాలి. ఇతను 14 ఏళ్లుగా ఊరికి వండిపెడుతున్నాడు, అది లెక్కలోకి రాదా?

మామ: (నవ్వి) ఈ నూడుల్స్‌కు హోదా ఇస్తే, తిన్నోళ్లకు పరిహారం కూడా ఇవ్వాల.

అల్లుడు: నవ్వు మామా. అతని కూతురు పుట్టింది ఈ ఊళ్లోనే. 1987 జులై నుంచి ఇక్కడ పుడితే చాలదు, తల్లిదండ్రుల్లో ఒకరన్నా మన పౌరులై ఉండాలి. 2004లో ఇంకా బిగించారు. వీళ్లిద్దరూ నేపాలోళ్లే. ఆరో తరగతి చదివే ఆ పిల్ల నీకన్నా బాగా కడప మాటలు మాట్లాడుతుంది. అయినా పరాయిదే.

మామ: పిల్ల సంగతి వేరే. పెద్దోళ్లు తెలిసే వచ్చినారు, అది ఎక్కడి నుంచీ రాలేదు. దానికి కార్డిస్తే నేను అడ్డం చెప్పను. నాయనకు మాత్రం వద్దు.

అల్లుడు: ఒకే ఇంట్లో కూతురికి కార్డు, నాయనకు లేదు. అప్పుడు ఓనరు ఇల్లు ఎవరికిస్తాడు?

మామ: ఆ ఓనరు ఎవరో చెప్పు, పొద్దున పోయి నేను మాట్లాడతా. అడ్వాన్సు ఎంత అడిగినాడు?