బ్యాక్‌గామన్‌లో మీ జేబు ఖాళీ చేసేది పాచికలు కావు

డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను పార్లమెంటు 2025 ఆగస్టులో నిషేధించింది. అప్పటి నుంచి నాకు వస్తున్న సందేశాలన్నీ ఒకే బాణీలో ఉంటున్నాయి. “అన్నా, ఇక్కడ రమ్మీ యాప్‌లు మూతపడ్డాయి. మీరు లండన్‌లో బ్యాక్‌గామన్ ఆడతారట కదా. అది అదృష్టం ఆట కాదట, బుర్ర ఉంటే నెల నెలా సంపాదించుకోవచ్చట. ఏ సైటులో చేరమంటారు? వీపీఎన్ పెట్టుకుని ఆడవచ్చా?” ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసి రాసి విసుగు పుట్టింది. అందుకే అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఈ ఆట అంటే నాకు ప్రాణం. కోపం ఎక్కువ రావడానికి కారణం కూడా అదే.

ముందు ఆట తెలియనివారికి నాలుగు ముక్కలు. అష్టాచెమ్మా ఆడినవారికి బ్యాక్‌గామన్ పది నిమిషాల్లో పట్టుబడుతుంది. బల్ల మీద 24 ఇళ్ళు, చెరి 15 కాయలు, రెండు పాచికలు. ఒంటరిగా దొరికిన కాయను చంపవచ్చు. రెండు కాయలు జంటగా కూర్చున్న ఇంట్లో ఎదుటివాడు కాలు పెట్టలేడు. చచ్చిన కాయ మళ్ళీ మొదటి నుంచి బయలుదేరాలి. కాయలన్నీ ముందుగా పండించుకున్నవాడిది గెలుపు. టర్కీలో దీన్ని తవ్లా అంటారు, ఇరాన్‌లో నర్ద్. మన దేశపు రాజు చదరంగం పంపించి “దీని మర్మం విప్పండి” అని సవాలు విసిరితే, ఇరాన్ మంత్రి బుజుర్గ్‌మిహ్ర్ దాన్ని విప్పడమే కాకుండా బదులుగా నర్ద్‌ను కనిపెట్టి మనవాళ్ళ మీదకు పంపాడని ఫిర్దౌసీ షానామాలో ఒక కథ ఉంది. మనవాళ్ళు దాన్ని విప్పలేకపోయారట. ఇరాన్ కవి రాసిన కథ మరి, మనం గెలుస్తామా!

ఆటకు అసలు పదును తెచ్చింది మాత్రం 1920లలో న్యూయార్క్‌లో పుట్టిన డబ్లింగ్ క్యూబ్. 2, 4, 8, 16, 32, 64 అంకెలున్న ఘనం అది. నాది పైచేయి అనిపించినప్పుడు “పందెం రెట్టింపు” అంటాను. మీరు ఒప్పుకుంటే రెట్టింపు మీద ఆట సాగుతుంది, ఒప్పుకోకపోతే ఉన్న పందెం నాకు వదిలేసి లేవాలి. ఎప్పుడు ఒప్పుకోవాలి? నాలుగింట ఒక వంతు గెలుపు అవకాశం ఉంటే చాలు. లెక్క చూడండి: వదిలేస్తే పోయేది 1. ఒప్పుకుంటే నాలుగు ఆటల్లో మూడుసార్లు 2 చొప్పున 6 పోతాయి, ఒకసారి 2 వస్తాయి. నాలుగు ఆటలకు నికరంగా 4, అంటే ఆటకు 1. రెండు దారులూ అక్కడ సమానం. పాతిక శాతానికి ఒక్క మెట్టు పైన ఉన్నా వదిలేసి లేచినవాడు నష్టపోయినట్టే. కొత్తవారి డబ్బు కాయలు తప్పుగా జరపడం వల్లనే కాదు, ఈ ఒక్క చోట బెదిరిపోవడం వల్లో మొండికేయడం వల్లో కూడా పోతుంది.

కాబట్టి నైపుణ్యం ఉందా అంటే బ్రహ్మాండంగా ఉంది. 1982లో అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రంలో ఒక న్యాయమూర్తి కూడా అదే తేల్చారు. నా గొడవ దాని గురించి కాదు. నైపుణ్యం ఉంటే డబ్బు వస్తుందని ఒక్క గెంతులో తీర్మానించేస్తున్నారే, అక్కడ నాకు ఒళ్ళు మండుతుంది.

చట్టం సంగతి త్వరగా ముగిస్తాను. కొత్త చట్టం నైపుణ్యమా, అదృష్టమా అని అడగడమే మానేసింది. డబ్బు కట్టి, డబ్బు గెలవాలన్న ఆశతో ఆన్‌లైన్‌లో ఆడించే ఆట ఏదైనా నిషేధమే. నడిపేవారికి 3 సంవత్సరాల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ఈ చట్టంలో ఆడేవారికి శిక్ష లేదు. అందుకని వీపీఎన్ పెట్టుకుని ఏదో ద్వీపం చిరునామా ఉన్న సైటులో డబ్బు వేస్తానంటారా? మీరు గెలిచిన సొమ్ము వాళ్ళు ఆపేస్తే ఏ పోలీసు స్టేషనుకు వెళ్తారు? ఏమని ఫిర్యాదు రాస్తారు? తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లోనే తమ గేమింగ్ చట్టాలు సవరించి ఈ తలుపు మూశాయి. ఇది కొత్తగా వచ్చిన కష్టం కూడా కాదు.

“నైపుణ్యం ఆట” వాదనకు దేశమంతటా ఊతమిచ్చిన తీర్పు మన సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులోనే వచ్చింది. 1967లో సుప్రీంకోర్టు, పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి కాబట్టి రమ్మీలో ప్రధానమైనది నైపుణ్యమేనని చెప్పింది. ఈ సగాన్ని అందరూ వల్లిస్తారు. అదే తీర్పులో ఇంకో సగం ఉంది. ఆ ఆట మీద క్లబ్బు లాభం చేసుకుంటోందని రుజువైతే అది నేరం కావచ్చని కూడా న్యాయమూర్తులు అన్నారు. అంటే ఆడేవాళ్ళ సంగతి అలా ఉంచి, ఆడించేవాడి చెయ్యి ఎక్కడుందో చూడమన్నారు. దాదాపు అరవై ఏళ్ళ కిందట వాళ్ళు వేలు పెట్టి చూపించిన చోటును మనం ఇప్పటికీ చూడటం లేదు.

దాని బదులు ఏం చూస్తున్నాం? పాచికలను! ఓడినవాడు ఎవడైనా మొదట అనే మాట, “సైటువాళ్ళు శకుని పాచికలు వేస్తున్నారు.” అయ్యా, చచ్చిన కాయ మళ్ళీ ప్రవేశించాల్సిన మీ వైపు ఆరు ఇళ్ళలో అయిదు జంటలతో మూసేశారనుకోండి. ఆ కాయను ఎదుటివాడు లోపలికి తెచ్చుకునే అవకాశం ఇంకా 36లో 11 ఉంటుంది. ఇంచుమించు మూడింట ఒకసారి. అది జరిగిన ప్రతిసారీ అద్భుతమనీ, కుట్ర అనీ అంటే ఎలా? ఒకే మనిషికి వరుసగా మూడుసార్లు జంట అంకెలు పడటం 216లో ఒకసారి జరగాలి. ఒక సాయంత్రం పది ఆటలు ఆడితే వందలసార్లు పాచికలు పడతాయి. రోజూ ఆడుతూ కూడా అది ఎన్నడూ కనిపించకపోతేనే అనుమానించాలి. పైగా గెలిచింది మీరా, అతడా అన్నది సైటుకు అనవసరం. ఎవరు గెలిచినా పందెం సొమ్ములోంచి దాని కోత దానికి ముడుతుంది. గ్నూ బ్యాక్‌గామన్ అని ఉచిత ప్రోగ్రాం ఉంది. మీ మ్యాచ్ ఫైలు అందులో వేస్తే అదృష్టం ఎవరికి ఎంత కలిసొచ్చిందో, మీ తప్పుల వల్ల ఎంత పోయిందో విడివిడిగా తేల్చి చెబుతుంది. పాచికలను తిట్టేవారిలో ఆ పని చేసినవారు నాకు అరుదుగా కనిపిస్తారు.

అదృష్టం లేదనడం లేదు. 1979లో మోంటే కార్లోలో హాన్స్ బెర్లినర్ రాసిన కంప్యూటర్ ప్రోగ్రాం అప్పటి ప్రపంచ ఛాంపియన్ లుయిజి విల్లాను 7–1 తేడాతో ఓడించింది. తరువాత కూర్చుని పరిశీలిస్తే మెరుగ్గా ఆడింది విల్లాయే! పాచికలు తన ప్రోగ్రాంకు కలిసొచ్చాయని బెర్లినర్ దాచకుండా చెప్పాడు. ప్రపంచ ఛాంపియన్ గతే అదైతే మీ పది ఆటల గెలుపుతో, నా పది ఆటల ఓటమితో ఏం తేలుతుంది? నైపుణ్యం బయటపడాలంటే వందల మ్యాచ్‌లు ఆడాలి. ఆ వందల మ్యాచ్‌లకూ మీరు కోత కట్టాలి. చిక్కు అక్కడే ఉంది.

ఇప్పుడు ఆ కోత సంగతి. మనిషికి 10 పౌండ్లు, మొత్తం 20. సైటు అందులో 5 శాతం తీసుకుంటుందనుకుందాం. గెలిచినవాడికి 19 వస్తాయి. గెలిస్తే 9 లాభం, ఓడితే 10 నష్టం. అసలు పోకుండా ఉండాలన్నా వందకు 52.6 ఆటలు గెలవాలి. 1992 నుంచి ఫిబ్స్ అనే ఆన్‌లైన్ బ్యాక్‌గామన్ సర్వరులో వాడుతున్న రేటింగ్ సూత్రం ప్రకారం మీ రేటింగ్ ఎదుటివాడి కంటే 100 ఎక్కువ ఉంటే ఒక్క పాయింటు ఆటలో మీరు గెలిచేది 52.9 శాతం. రేటింగులో నూరు ఆధిక్యం చిన్న విషయం కాదు, దానికి ఎంతో సాధన కావాలి. ఆ సాధన మొత్తానికి మీకు ఆటకు మిగిలేది 5 పెన్నీలు. సైటుకు ఏ సాధనా లేకుండా పౌండు.

ముందుగా అయిదు పాయింట్లు చేసినవాడు గెలిచే మ్యాచ్‌లో కొంత నయం. అదే ఆధిక్యానికి 56.4 శాతం గెలుస్తారు, మ్యాచ్‌కు సగటున 72 పెన్నీలు మిగులుతాయి. మ్యాచ్ అరగంట అనుకుంటే వంద మ్యాచ్‌లకు 50 గంటలు, 72 పౌండ్లు. లండన్‌లో హోటల్లో గిన్నెలు తోమినా గంటకు 12 పౌండ్లు దాటి ఇస్తారు. అదైనా ఖాయమా? కాదు. ఇంత మెరుగైన ఆటగాడు కూడా ఆ వంద మ్యాచ్‌ల చివర నష్టంలో తేలే అవకాశం అయిదింట ఒకటికి పైనే. గిన్నెలు తోమినవాడు నెలాఖరుకు యజమానికి ఎదురు డబ్బు కట్టడు కదా.

పైగా రేటింగులో ఆ వంద తేడా ఉన్న ఎదుటివాడు ఎక్కడ దొరుకుతాడు? చాలాచోట్ల రేటింగులు దగ్గరగా ఉన్నవారినే జత కడతారు. న్యాయంగానే కనిపిస్తుంది. కానీ ఇద్దరూ సమానమైతే ఇద్దరూ కలిసి సైటును పోషిస్తున్నారని అర్థం. బలహీనులు డబ్బయిపోయి వెళ్ళిపోతారు. మిగిలినవారి మధ్య తేడాలు తగ్గిపోతాయి. కోత మాత్రం అలాగే ఉంటుంది. పోకర్‌లో ఇదంతా చూసినవారు కూడా బ్యాక్‌గామన్ దగ్గరికి వచ్చేసరికి కొత్త పెళ్ళికొడుకుల్లా కళ్ళకు గంతలు కట్టుకుంటారెందుకో నాకు అర్థం కాదు.

ఇది కూడా భరించవచ్చు. భరించలేనిది ఇంకొకటి ఉంది.

నలుడి కథ గుర్తుందా? పాచికల్లో రాజ్యం పోగొట్టుకుని బాహుకుడై ఋతుపర్ణుడి రథం తోలుతున్నప్పుడు, ఆ రాజు దారిలో కనిపించిన తాడి చెట్టుకు — తానికాయలు కాస్తుందే, ఆ చెట్టు, కల్లు తాడి కాదు — ఆకులెన్నో కాయలెన్నో చూపుతోనే చెబుతాడు. నలుడు లెక్కపెట్టి చూసి నోరు వెళ్ళబెడతాడు. గుర్రాల విద్య ఇచ్చి, బదులుగా అక్షహృదయం నేర్చుకుంటాడు. ఆ తరువాతే పుష్కరుణ్ణి గెలుస్తాడు. పాచికల ఆటకు లెక్క ఉందని మన కథకులకు ఎప్పుడో తెలుసు. ఇప్పుడా అక్షహృదయం కోసం ఎవరి రథమూ తోలనక్కర్లేదు, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

1992 ప్రాంతంలో ఐబీఎంలో జెరాల్డ్ టెసారో టీడీ–గామన్ అనే బ్యాక్‌గామన్ ప్రోగ్రాం తయారు చేశాడు. అది తనతో తానే లక్షల ఆటలు ఆడుకుని నేర్చుకుంది. ఆట మొదట్లో పాచికలు 2–1, 4–1, 5–1 పడితే దశాబ్దాలుగా నిపుణులు ఆడుతున్న ఎత్తు కంటే మెరుగైనది ఉందని చూపించింది. నిపుణులు తమ ఆట మార్చుకున్నారు. ఇప్పుడు ఎక్స్‌ట్రీమ్ గామన్ అనే ప్రోగ్రాం మామూలు ల్యాప్‌టాప్ మీద క్షణంలో సరైన ఎత్తు చెబుతుంది. నేర్చుకునేవారికి ఇంతకు మించిన గురువు లేడు. డబ్బు పెట్టి ఆడేచోట ఇంతకు మించిన దొంగా లేడు.

మీ ఎదుటివాడు ఇస్తాంబుల్‌లో ఉన్నాడో ఇంకెక్కడున్నాడో మీకు తెలియదు. అతడి తెర మీద పక్క కిటికీలో ఏముందో అసలే తెలియదు. చదరంగంలో ఎంతటి మేటి అయినా యంత్రం దరిదాపులకు రాలేడు కాబట్టి యంత్రంలా ఆడేవాడు ఎక్కడో ఒకచోట బయటపడతాడు. బ్యాక్‌గామన్‌లో అలా కాదు, అగ్రశ్రేణి మనుషులు ప్రోగ్రాంకు చాలా దగ్గరగా ఆడతారు. పైగా దొంగ ప్రతి ఎత్తూ అడగక్కర్లేదు. మ్యాచ్‌లో నిజంగా తలపట్టుకునే నిర్ణయాలు కొన్నే, వాటిలో కొన్ని క్యూబ్ దగ్గర. ఆ రెండు మూడు చోట్ల పక్కకు చూసి, మిగతావి సొంతంగా ఆడి, నడుమ కావాలని ఒక తప్పు చేస్తే పట్టుకోవడం ఎవరి తరం? సైట్లు ఎత్తుల నాణ్యతనూ, ఆలోచించడానికి పట్టిన సమయాన్నీ గమనిస్తూ కొందరిని పట్టుకుంటున్నాయి, కాదనను. పట్టుబడినవాడు మొరటు దొంగ. నేర్పరి దొంగ మీతో “బాగా ఆడారు, అదృష్టం మీ వైపు లేదు” అని మర్యాదగా చెప్పి డబ్బు తీసుకుని వెళ్తాడు. మీరు పాచికలను తిట్టుకుంటూ నిద్రపోతారు.

“మరి మీరు డబ్బుతో ఆడరా?” అని అడుగుతారు. ఆడతాను. ఎదురుగా మనిషి కూర్చున్న చోట, బల్ల మీద ఫోను బోర్లించి పెట్టిన చోట. లండన్‌లో వారానికోసారి చేరే బృందాలున్నాయి. ప్రవేశ రుసుములన్నీ కలిపి బహుమతిగా పంచుకుంటాం, కోతకు ఎవరూ ఉండరు. ఊరు దాటి పోటీలకు వెళ్ళాలంటే మోంటే కార్లోలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరుగుతుంది. జపాన్‌కు చెందిన యజావా అకికో 2014లోనూ 2018లోనూ దాన్ని గెలిచింది. ఆమె దేశంలో ఈ ఆటకు ఇరాన్‌లా ఇంటింటా బల్ల ఉండదు, హైదరాబాద్‌లో కూర్చుని నేర్చుకుంటున్న కుర్రాడికి అది ఉత్సాహం ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో నేను ఆడేది పైసా పందెం లేకుండా, సాధన కోసం. పందెం లేని చోట ఎదుటివాడు ప్రోగ్రాం చూసి ఆడినా నాకు పోయేదేమీ లేదు, ఉచితంగా పాఠం చెప్పాడనుకుంటాను.

ఇంత చెప్పినా “నా సంగతి వేరు, నేను గెలుస్తాను” అనేవారికి ఒక పని చెబుతాను. గ్నూ బ్యాక్‌గామన్‌తో యాభై మ్యాచ్‌లు ఆడండి. ఫైలు నాకు పంపండి. మీ తప్పుల సగటు ఎంతో నేను చూసి చెబుతాను. పీఆర్ అని ఒక కొలత ఉంది, ఎంత తక్కువైతే అంత మేలు; మూడు నాలుగు ఉంటే ప్రపంచ స్థాయి, ఇరవై దాటితే కొత్తవాడు. అది పదిలోపు వస్తే ఆ ఆదివారం వీడియో కాల్‌లో కూర్చుని మీ క్యూబ్ నిర్ణయాలు ఒక్కొక్కటీ కలిసి చూద్దాం, రుసుము లేదు. పదికి పైన వస్తే ఏ సైటు మంచిదని నన్ను మళ్ళీ అడగవద్దు. ఎంత వచ్చినా సరే, మీకు ఆ రోజు పాచికలు ఎలా పడ్డాయో మాత్రం నాకు రాయవద్దు.